ఎడమ వైపు యాక్సిల్

మార్చి నెలాఖరున, పొద్దున ఏడుంబావుకు దుమ్ముగూడెం దాటాం. ట్రక్కులో పద్దెనిమిది మందిమి. ఒక్కొక్కరికి రైఫిలు, నాలుగు మ్యాగజీన్లు, రెండు లీటర్ల నీళ్ళు, ఒక దుప్పటి. నాకు అదనంగా పదమూడు కిలోల పానాల పెట్టె. తారు రోడ్డు అయిపోయిన చోట అందర్నీ దించేశారు. అక్కడి నుంచి క్యాంపు పదకొండు కిలోమీటర్లు. రోడ్డు మీద నడవకూడదు. పక్కన చెట్లలో, మనిషికీ మనిషికీ పదడుగుల దూరం ఉంచి నడవాలి. పానాల పెట్టెకు ఎవరూ చెయ్యి వెయ్యరని నాకు ముందే తెలుసు. వెయ్యలేదు.

నేను జవానునే, కానీ మెకానిక్ జవానును. మాది ఏన్కూరు దగ్గర పల్లె. ఇప్పటికీ ఊళ్ళో టీ కొట్టు దగ్గర కూర్చుంటే ఎవడో ఒకడు ఎంతమందిని కాల్చినవ్ అని అడుగుతాడు. పెళ్ళికి ఎంతమంది వచ్చారు అన్నంత తేలిగ్గా అడుగుతాడు. పద్నాలుగు నెలల్లో నా రైఫిలు నుంచి పోయిన గుళ్ళు ముప్ఫై ఒకటి. ఒక్కటి కూడా ఎవరికీ తగిలినట్టు లేదు. నా వల్ల పోయిన మనిషి గుండుతో పోలేదు. ఆ సంగతి చెప్పమని ఎవరూ అడగరు, అందుకే రాస్తున్నాను.

క్యాంపు ఒక గుట్ట భుజం మీద ఉండేది. ఇసుక బస్తాల గోడ, చుట్టూ మూడు వరసల ముళ్ళ తీగ, నాలుగు మూలలా నాలుగు కాపలా మోర్చాలు, మధ్యలో రేకుల షెడ్లు. పగలు రేకు కింద కూర్చుంటే తల ఉడికేది. మూడు వైపులా టేకు, తునికి, విప్ప చెట్లు. నాలుగో వైపు, నాలుగు కిలోమీటర్ల దిగువన వాగు. వాగు దాటితేనే తారు రోడ్డు, తారు రోడ్డు పట్టుకుంటేనే భద్రాచలం దవాఖానా.

వచ్చిన మూడో రోజు, పదకొండున్నరకు నీళ్ళ ట్యాంకరు వాగు మీది కల్వర్టు ఎక్కింది. కల్వర్టు కింద మందుపాతర ఉంది. నేను నాలుగు కిలోమీటర్ల దూరంలో, క్యాంపు షెడ్డులో ఉన్నాను. ముందు నేల అదిరింది, తర్వాత చప్పుడు వచ్చింది. పరిగెత్తుకుంటూ వెళ్ళేసరికి ట్యాంకరు వెనక్కి తిరగబడి ఉంది. ముందు ఇరుసు ముప్ఫై అడుగుల అవతల టేకు కొమ్మల్లో ఇరుక్కుంది. డ్రైవరు సగమే దొరికాడు. బండికి సంబంధించిన ఇనుము ఏరడం నా డ్యూటీ, ఎందుకంటే అడవిలో వదిలిన ప్రతి ముక్కా ఇంకో పాతరలో మన మీదికే వస్తుంది. సాయంత్రం దాకా ఇనుము ఏరాను. ఇనుముతో పాటు మిగతావీ చేతికి వచ్చాయి. ఆ రోజు అన్నం తినలేదు, మర్నాడు తిన్నాను. అంతే మరి.

అప్పట్నుంచీ పెద్ద బండ్లు క్యాంపు దాకా రావడం మానేశాయి. మాకు మిగిలింది ఒక్క కారు. తెల్ల ఎయిట్ హండ్రెడ్. ఇరవై ఏళ్ళు దాటిన బండి, నాలుగు గేర్లు. రోడ్డు వేయడానికొచ్చిన కాంట్రాక్టరుది. అతని రోలరునూ టిప్పర్లనూ నక్సలైట్ల దళం వాళ్ళు తగలబెట్టాక, ఈ కారును మా గేటు ముందు వదిలేసి పోయాడట. మా కమాండరు దాన్ని ఊళ్ళ వాళ్ళకు జబ్బు చేస్తే దవాఖానాకు తీసుకుపోవడానికి వాడించాడు. కాన్పులు, పాము కాట్లు, జ్వరాలు. అందుకే దాన్ని ఎవరూ పేల్చలేదు. మామూలు బట్టలేసుకుని మేం కూడా అందులో తిరిగేవాళ్ళం. రోగుల పేరు మీద వదిలేసిన బండిలో రైఫిలు దాచుకుని తిరగడం తప్పని నాకు అప్పుడే అనిపించింది. అనిపించినా తిరిగాను.

ఏప్రిల్ చివర్లో కారు ఎడమ వైపు మలిపినప్పుడల్లా ముందు చక్రం దగ్గర టకటకమనడం మొదలైంది. ఎడమ డ్రైవ్ షాఫ్ట్ అరిగింది. మా పనివాళ్ళం యాక్సిల్ అంటాం. ఇంజను బలాన్ని గేరు బాక్సు నుంచి ముందు చక్రానికి తీసుకుపోయే ఇనుప కడ్డీ అది, రెండు కొసలా రెండు జాయింట్లు. చక్రం వైపు జాయింటు మలుపులకు. గేరు బాక్సు వైపు జాయింటు లోపలికీ బయటికీ జరుగుతుంది, చక్రం గుంతలో దిగినప్పుడు సాగడానికి. కమాండరు నన్ను బూర్గంపాడు పంపాడు. చొక్కా, లుంగీ, చేతిలో గోనె సంచి. బస్సులో వెళ్ళాను.

పాత సామాన్ల కొట్టాయనకు అరవై దాటి ఉంటాయి. నాలుగు గేర్లదా, అయిదు గేర్లదా అని అడిగాడు. క్యాంపు బండి అని తెలియకూడదు కదా, మా బావ కారు, నాకు తెలియదన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

"తెల్వకుంటే ఎట్ల తమ్మీ. రెండింటికీ పండ్లు ఒక్కతీరుగనే ఉంటయ్, రెండూ గేర్ బాక్సుల కూసుంటయ్. పొడుగులోనే ఫరక్. రెండూ తీస్కపో, సరిపడనిది వాపస్ తెచ్చియ్యి. కొలిచేటప్పుడు లోపలి జాయింటు పూరాగ బయటికి గుంజి కొలువు."

పద్నాలుగేళ్ళుగా పానా పట్టినవాడికి చెప్తున్నాడే అని లోపల మండింది. ఆయన ఒక అట్టపెట్టె చింపి, రెండు ముక్కలు చేసి, ఒక దాని మీద నాలుగు అనీ ఇంకోదాని మీద అయిదు అనీ రాసి, తాడుతో షాఫ్టులకు కట్టాడు.

కొట్టు వెనక్కి వెళ్ళి ఆ రెండు అట్టముక్కలూ పీకి మోరీలో పారేశాను. అది మా కట్టడి. బయట కొన్న ఏ వస్తువు మీదా బిల్లు, చీటీ, కొట్టు ముద్ర ఉండకూడదు. అట్ట మీద కొట్టు పేరు అచ్చయి ఉంది. అంతకు ముందు చలికాలంలో క్యాంపుకు బియ్యం తెచ్చినవాడి సంచిలో బిల్లు దొరికితే, దళం వాళ్ళు ఆ బియ్యం కొట్టు తగలబెట్టి కొట్టు యజమాని రెండు మోకాళ్ళూ విరగ్గొట్టారు. కాబట్టి పీకడం తప్పు కాదు. పీకాక ఇనుము మీద ఒక గీత గీయకపోవడం తప్పు. ఒకదానికి తుప్పు ఎక్కువుంది, అదే నాలుగు గేర్లది, గుర్తుంటుందిలే అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం మూడున్నరకు షెడ్డులో కూర్చుని రెండు షాఫ్టుల్నీ డీజిలు పోసి తీగ బ్రష్షుతో తోమాను. పని మొదలుపెట్టే ముందు ఇనుము తోమడం నాకు చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటు, మా ఉస్తాదు చెంపలు వాయించి నేర్పింది. రెండూ తళతళలాడాయి. తుప్పు పోయింది, గుర్తు కూడా పోయింది. అప్పుడు చూసుకుని నవ్వుకున్నాను కూడా.

సరే, కొలుద్దాం అనుకుని పాత షాఫ్టు విప్పాను. హబ్ నట్టు విప్పి, కింది బోల్టు తీసి, చక్రం కూర్చునే హబ్బును పక్కకు లాగి, టామీ రాడ్డుతో గేరు బాక్సులోంచి కొసను ఊడదీశాను. కింద పెట్టి పక్కన ఒక కొత్తది పెట్టి చూశాను. సమానంగా ఉన్నాయి. ఇదే అనుకున్నాను. పాతదాని లోపలి జాయింటు లోపలికి నొక్కుకుపోయి ఉంది, కొత్తదానిది బయటికి సాగి ఉంది. రెండూ సాగదీసి కొలిస్తే బొటనవేలంత తేడా కనిపించేది. గుంజి కొలువు అని ఆయన చెప్పిన మాట నాకు గుర్తుంది. గుర్తుండే, నాకు తెలుసులే అని గుంజలేదు.

బిగించాను. బిగించాక బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని గాలిలో పూర్తిగా వేలాడదీసి తిప్పి చూడాలి. జాకీ పెడుతుండగా నాలుగూ ఇరవైకి గుట్ట మీది నుంచి కాల్పులు మొదలయ్యాయి. రేకులకు చిల్లులు పడ్డాయి. రెండో మోర్చాలో కాపలా ఉన్న జవానుకు దవడ కింద తగిలింది. పందొమ్మిది నిమిషాలు కాల్పులు జరిగాయి. నా ముప్ఫై ఒక్క గుళ్ళలో ఇరవై రెండు ఆ రోజు పోయినవే. ఆగాక ఆ జవానును మేం నలుగురం దుప్పట్లో ఎత్తాం. దుప్పటి కింద నుంచి నా బూట్లలోకి కారింది. షెడ్డులోకి తిరిగొచ్చి జాకీ తీసి పక్కన పెట్టాను. చక్రం వేలాడదీసి చూడటం మర్చిపోయాను. అరిగిన షాఫ్టును డిక్కీలో పడేశాను, మిగిలిన షాఫ్టును బెంచీ కిందికి తోశాను.

కారు తొమ్మిది రోజులు బ్రహ్మాండంగా నడిచింది. టకటక పోయిందని కమాండరు భుజం తట్టాడు.

మే రెండో వారం, తునికాకు కోసే కాలం. ముందు రోజు సాయంత్రం గాలివాన కొట్టింది. పొద్దున తొమ్మిదీ నలభైకి అడవిలో ఒక చిన్న పేలుడు వినిపించింది. పది నిమిషాలకు మా రేడియో ఆపరేటరు గస్తీ పార్టీ మాట అందుకున్నాడు.

"ఆకు కోసేటామె పాతర తొక్కింది. బతికే ఉంది. మోసుకొస్తున్నం. బండి రెడీ పెట్టు."

అది మా కోసం పెట్టిన పాతర. మేం నడిచే దారుల పక్కన పెడతారు. పాతరకు కాళ్ళు ఎవరివో తెలియదు. ఆమె పేరు లచ్చమ్మ, ముప్ఫై ఏళ్ళుంటాయేమో. కుడి కాలు మోకాలి కింద లేదు. ఇంకో తొడ చీలిపోయింది. కడుపులో ఎడమ వైపు చిన్న రంధ్రం. భర్త జోగయ్య భుజాన వేసుకుని తెచ్చాడు, అతని వీపంతా ఎర్రగా తడిసిపోయి ఉంది. వాళ్ళిద్దరూ వాళ్ళ భాషలో మాట్లాడుకుంటున్నారు. మాతో తెలుగులో మాట్లాడింది జోగయ్య ఒక్కడే, అదీ నాలుగు మాటలు.

మా మెడిక్ కొత్తగూడెం కుర్రాడు, చేతులు వణకని మనిషి. తొడకు పట్టీ బిగించి, జోగయ్య తువ్వాలు కడుపు మీద అదిమి పెట్టి, నా వైపు చూశాడు.

"కాలుది ఆపిన అన్నా. కడుపుల పారేది ఆపలేను. గంటన్నరల భద్రాచలం చేరితే బతుకుతది."

పదీ పదికి బయలుదేరాం. స్టీరింగు నేను. పక్కన రైఫిలుతో ఒక జవాను. వెనక సీటులో మెడిక్, అతని ఒళ్ళో ఆమె, కాళ్ళ దగ్గర నేల మీద జోగయ్య. కల్వర్టు పేలిపోయింది కాబట్టి వాగులోకి దిగి ఎక్కాలి. రోజూ దిగే దారే. కానీ ముందు రోజు వాన ఒడ్డును కోసేసింది. పదీ ఇరవై ఏడుకు ఎడమ ముందు చక్రం ఆ కోతలో దిగింది, గాలిలో వేలాడింది. ఠంగుమని చప్పుడు. ఇంజను అరుస్తోంది, బండి కదలడం లేదు.

దిగి చూడకముందే నాకు అర్థమైంది. లోపలి జాయింటు దాని గిన్నెలోంచి బయటికి వచ్చేసింది. జాయింటును కప్పే రబ్బరు బూటు చిరిగి గ్రీజు కారుతోంది. షాఫ్టు పొట్టిది. అయిదు గేర్ల బండిది. సరైనది క్యాంపులో బెంచీ కింద ఉంది.

రేడియోలో చెప్పాను. మనుషుల్ని పంపిస్తాం, నడిచి రావడానికి యాభై నిమిషాలన్నారు. మోసుకుపోదామంటే తారు రోడ్డు ఇంకా ఏడు కిలోమీటర్లు. డిక్కీలో అరిగిన పాత షాఫ్టు ఉంది. టకటకలాడినా పొడుగు సరైనది. షెడ్డులో యాభై నిమిషాల పని. నేను ముప్ఫైలో చేస్తానన్నాను.

ఇసుక మీద రాయి పెట్టి జాకీ ఎక్కించాను. చక్రం ఊడదీశాను, హబ్ నట్టు విప్పాను, కింది బోల్టు తీశాను. ఇప్పుడు హబ్బు, బ్రేకు మొత్తం ఒక్క ముద్దగా వేలాడుతుంది. దాన్ని బయటికి లాగి పట్టుకోవాలి. వదిలితే బ్రేకు పైపు తెగుతుంది. షెడ్డులో అయితే తీగతో స్ప్రింగుకు కట్టేస్తాం. కారులో తీగ లేదు. జవాను ఒడ్డు మీద పడుకుని వాగు అవతలి గుట్ట వైపు గురిపెట్టి ఉన్నాడు. మెడిక్ రెండు చేతులూ ఆమె కడుపు మీద ఉన్నాయి. జోగయ్యను పిలిచాను. మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, హబ్బును అతని రెండు చేతుల్లో పెట్టాను.

"గట్టిగ పట్టు. నేను చెప్పేదాంక వదలకు."

అతను తలూపాడు. కారంటే ఏమిటో తెలియని మనిషి, నా కంటే బాగా పట్టుకున్నాడు.

పదీ ముప్ఫై ఎనిమిదికి గుట్ట మీది నుంచి మొదటి గుండు వచ్చింది. వెనకద్దం పగిలింది. కారులో ఎవరున్నారో వాళ్ళకు తెలియదు, మా జవాను రైఫిలు మాత్రం కనిపించి ఉంటుంది. మావాడు తిరిగి కాల్చాడు. ఏడెనిమిది గుళ్ళు ఇసుకలో పడ్డాయి. ఒకటి కారు పైకప్పును చీల్చుకుంటూ పోయింది. మెడిక్ ఆమెను సీటులోంచి దించి, కారు పక్కన నేల మీద పడుకోబెట్టి తాను అడ్డం పడుకున్నాడు. జోగయ్యకూ ఆమెకూ మధ్య నాలుగడుగులుంటాయి. నేను కారు కింద వెల్లకిలా ఉన్నాను. పొట్టి షాఫ్టు కొసను ఊడదీయగానే గేరు ఆయిలు నా మొహాన పడింది.

అప్పుడు ఆమె పిలిచింది. పెద్దగా కాదు. జోగయ్య నా వైపు వంగాడు.

"సార్, పిలుస్తంది."

"వదలకు. వదిలితే అందరం ఈడనే."

ఆమె ఇంకోసారి పిలిచింది. ఈసారి అతను నన్ను అడగలేదు. వాళ్ళ భాషలో ఆమెకు ఏదో చెప్పాడు, మెల్లగా, పిల్లలకు నచ్చచెప్పేటప్పుడు మాట్లాడినట్టు. చెయ్యి మాత్రం కదల్చలేదు. నేను పాత షాఫ్టు లోపలికి తోస్తున్నాను. కొస దిగడం లేదు. ఇసుక పడింది. తుడిచి మళ్ళీ తోశాను. మూడోసారి కొట్టినప్పుడు లోపలి రింగు చిన్నగా క్లిక్కుమని కూర్చుంది.

"ఇగ జల్దీ లేదన్నా," అన్నాడు మెడిక్, ఆమె కడుపు మీది నుంచి చేతులు తీసేస్తూ.

పదీ యాభై రెండు. కాల్పులు ఆగి అప్పటికి మూడు నిమిషాలైంది. ఆ మాట జోగయ్యకు కూడా వినపడింది. వినపడిందని నాకు తెలుసు, అతని మోచేతులు ఒక్కసారి అదిరాయి. నేను చేతిలో ఉన్న పని చేసుకుంటూ పోయాను. చక్రం వైపు కొసను హబ్బులోకి ఎక్కించాను. కింది బోల్టు పెట్టి బిగించాను. పదకొండు గంటల మూడు నిమిషాలకు పని అయిపోయింది. కారు స్టార్టయింది. టకటకమంటూ వాగు ఎక్కి అందర్నీ భద్రాచలం చేర్చింది. దవాఖానాలో ఆమెను దించుకుని చీటీ రాసుకున్నారు.

కమాండరుకు అట్టముక్కల దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. ఆయన హిందీలో, వానకు దారి తెగిందని రాస్తున్నాను, వెళ్ళి పడుకో అన్నాడు. అలాగే రాశాడు. శిక్ష వేసి ఉంటే కొంత బాగుండేది.

తర్వాత ఏడాది పాటు అదే క్యాంపులో ఉన్నాను. ఇంకో రెండు పేలుళ్ళు, మూడు కాల్పులు. ఎవరూ చావని నెల ఉంటే పండగలా అనిపించేది. ఒక రోజు మధ్యాహ్నం షెడ్డులో కూర్చుని ఉన్నప్పుడు నడుముకున్న బెల్టు ఒరుసుకుంటుంటే వదులు చేశాను. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ రోజు వాగులో కూడా నా నడుముకు బెల్టు ఉంది. హబ్బును దాంతో స్ప్రింగుకు కట్టేసి ఉండొచ్చు. అర నిమిషం పని. జోగయ్య పట్టుకోవాల్సిన అవసరమే లేదు.

బదిలీ కాగితాలొచ్చాక, వెళ్ళిపోయే ముందు వారం, వాళ్ళ ఊరు వెళ్ళాను. జోగయ్య విప్పపువ్వు ఎండబోస్తున్నాడు. మంచం వేసి కూర్చోబెట్టాడు, నీళ్ళిచ్చాడు. యాక్సిల్ సంగతి చెప్పాను. రెండు షాఫ్టులు, అట్టముక్కలు, సరిగ్గా కొలవకపోవడం, తప్పు నాదని, ఆ తప్పు వల్లే బండి ఆగిందని. అతను విన్నాడు. కోపం వస్తుందని ఎదురుచూశాను, కొడితే పడదామనే వెళ్ళాను. అతనికి ఆ ఇనుము గొడవ పట్టలేదు. చాలాసేపు పువ్వు ఎండలో పరిచి, అప్పుడు అడిగాడు.

"ఆనాడు నేను చెయ్యి వదిలి ఆమె దగ్గరికి పోతే, బండి నిజంగనే ఖరాబయ్యేదా సార్?"

"అవ్," అన్నాను. "ఖరాబయ్యేది. నువ్వు పట్టుడే కరెక్టు. ఇంకో దారి లేకుండె."

తల ఊపాడు. ఏళ్ళ తర్వాత కూడా ఆ అబద్ధం చెప్పినందుకు నేను సిగ్గుపడను. బెల్టు సంగతి చెబితే అతనికి మిగిలేది ఏముంది?

భద్రాచలంలో పొద్దున ఆరింటికి బస్సెక్కి, కొత్తగూడెంలో మారి, మధ్యాహ్నానికి ఏన్కూరులో దిగాను. మా ఆవిడ బస్టాండుకు వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళకు ఉద్యోగం వదిలేసి ఊళ్ళో చిన్న షెడ్డు పెట్టుకున్నాను. అన్ని పనులూ చేస్తాను. రక్తం, తెగిన కాలు, టేకు కొమ్మల్లో ఇరుసు, ఇవన్నీ మెల్లమెల్లగా పాతబడ్డాయి. నిద్ర పడుతోంది. భోజనం సహిస్తోంది.

ఒక్కటే పోలేదు. వాగు ఇసుకలో మోకాళ్ళ మీద ఒక మనిషి. రెండు చేతుల్లో బరువైన ఇనుము. మెడ మాత్రం పక్కకు తిరిగి ఉంది, నాలుగడుగుల అవతల నేల మీద పడుకున్న ఆమె వైపు. ఆమె పోయిందని విన్నాక కూడా అతను పదకొండు నిమిషాలు అలాగే పట్టుకుని ఉన్నాడు, నేనింకా వదలమని చెప్పలేదు కాబట్టి.